పసుపు సీసా పంతులుగారు

అలిపిరి పోయే దోవలో మా తాతకు ఒక చిన్న అంగడి ఉంది. ముందు వరసలో కొబ్బరికాయలు, కర్పూరం, నీళ్ళ బాటిళ్ళు. లోపలి అరల్లో తాతకు ఇష్టమైన సరుకు: కరక్కాయలు, తానికాయలు, శొంఠి, పిప్పళ్ళు, వసకొమ్ము, నన్నారి వేర్లు. ఏ వైద్య కాలేజీలోనూ తాత చదవలేదు. చిన్నప్పుడు ఒక మూలికల అంగడిలో పొట్లాలు కడుతూ నేర్చుకున్న విద్య అది. దగ్గుకు ఇది, అజీర్తికి అది అని చెప్పగలడు. అంతకుమించిన జబ్బయితే రుయాకు పొమ్మంటాడు. ఆ హద్దు ఆయనకు బాగా తెలుసు.

ఈ రెండు వరసల మధ్యలో, చేతికందే చోట, అమృతాంజనం సీసాలు. వాటిలో ఒకటి ఎప్పుడూ మూత తీసే ఉంటుంది. కొండకు నడిచిపోయి నడిచే దిగొచ్చినవాళ్ళు, 3550 మెట్ల దెబ్బకు మోకాళ్ళు పట్టుకుని అంగడి ముందర కూలబడతారు గదా, వాళ్ళ చేతిలో తాత ఆ సీసాలోంచి వేలితో ఇంత తీసి పెడతాడు. డబ్బులు తీసుకోడు. వారానికో సీసా ఇట్లా ఫ్రీగా అయిపోతుంది. ఇదేం వ్యాపారం తాతా అని ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి అడిగాను. దీన్ని కనిపెట్టినాయన కూడా ఇట్లాగే పెట్టినాడంట అన్నాడు. తాత చెప్పే కథల్లో ఇదొకటి అనుకుని వదిలేశాను.

ఈ ఎండాకాలం తాత మోకాలు పూర్తిగా మొండికేసింది. ఆపరేషన్ చేసి మోకీలు మార్చాలన్నారు డాక్టర్లు. నాయన అంగడి ఎత్తేద్దామన్నాడు. సామాను సర్దే పని సెలవుల్లో ఉన్న నాకు పడింది. అటక మీద గోనెసంచిలో కట్టలు కట్టలుగా పాత ఆంధ్రపత్రికలు, అట్టలు ఊడిన భారతి సంచికలు దొరికాయి. సగం కట్టలు తాత ఎప్పుడో పొట్లాలకు వాడేశాడు. మిగిలినవాటిని పాత పేపర్లకు వేద్దామని కిందికి దించితే, తాత మంచం మీంచే కేక పెట్టాడు. ఆ బామ్ చేసినాయనే ఈ పత్రికలు నడిపినాడని, వాటిని మాత్రం ముట్టుకోవద్దని. నేను నమ్మలేదు. తలనొప్పి మందుకీ సాహిత్య పత్రికకీ ఏం సంబంధం? ఫోన్ తీసి వెతికాను. అక్కడ మొదలైంది ఈ వ్యాసం.

ఆయన పేరు కాశీనాథుని నాగేశ్వరరావు. 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. విక్టోరియా రాణి పాలన సగానికి దగ్గరపడిన కాలం అది. బందరులో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు. కందుకూరి వీరేశలింగం నడిపే వివేకవర్ధనిని కుర్రతనంలోనే ఇష్టంగా చదివేవారు. అంటే పత్రిక అనేది మనుషుల్ని ఏం చేయగలదో ఆయనకు అప్పుడే తెలుసు. కానీ ఆ పని మొదలుపెట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో మద్రాసు డిగ్రీ చేతిలో ఉందంటే గవర్నమెంటు ఉద్యోగం దాదాపు ఖాయం. ఇప్పటి మన ప్లేస్‌మెంట్ ఆఫర్ కంటే గట్టిది. ఆయన దాని జోలికి పోలేదు. మద్రాసులో ఏవో వ్యాపారాలు చేసి చూశారు, ఒక్కటీ నిలబడలేదు. అక్కడినుంచి కలకత్తా వెళ్ళి ఒక మందుల వ్యాపారంలో చేరారు. మందు ఎట్లా నూరాలో, ఎట్లా కలపాలో, ఏది దేనిలో కరుగుతుందో ఆయన నేర్చుకున్నది అక్కడే. పాఠం చెప్పిన మాస్టారు లేడు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. పని చేస్తూ, చూస్తూ నేర్చుకోవడమే. తరవాత బొంబాయి చేరి అక్కడొక ఆఫీసులో ఉద్యోగం చేశారు. చివరికి 1893లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 26.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది, మీకూ రావచ్చు. ఏ వైద్య పట్టా లేని మనిషి మందు చేసి అమ్మితే దాన్ని మోసం అనరా? ఆ కాలంలో ఇంగ్లండులో ఇట్లాంటి వ్యాపారాలు చాలానే ఉండేవి. థామస్ హాలోవే అనే ఆయన మాత్రలు, లేపనం అమ్మి, ప్రపంచమంతా ప్రకటనలు వేసి కోట్లకు పడగెత్తాడు. ఆ మాత్రలకు అన్ని రోగాలూ పోతాయని చెప్పుకున్నాడు, నిజానికి అంత పస వాటిలో లేదు. ఆ డబ్బుతోనే ఆడపిల్లల కోసం ఒక పెద్ద కాలేజీ కట్టించాడు, 1886లో విక్టోరియా రాణే వచ్చి దాన్ని ప్రారంభించింది. నాటింగ్‌హామ్‌లో జాన్ బూట్ అనే మూలికల వ్యాపారి 1849లో ఒక చిన్న అంగడి పెట్టాడు. ఆయన పోయాక భార్య, కొడుకు జెస్సీ దాన్ని నడిపారు. అదే ఇవాళ బ్రిటన్‌లో వీధి వీధిలో కనిపించే బూట్స్ మందుల షాపు. ఇద్దరిదీ ఒకే రకం వ్యాపారం. ఒకరిది ప్రచారం మీద నడిచింది, ఇంకొకరిది అంగడి మీద నడిచింది.

పంతులుగారి సీసాను వీళ్ళ పక్కన పెట్టి చూస్తే నాకు తేడా కనపడింది. అది ఏ రోగాన్నీ నయం చేస్తానని కూర్చున్న మందు కాదు, నొప్పిని కాసేపు తగ్గించేది. ఇప్పటి సీసా వాసన చూస్తేనే తెలిసిపోయే సరుకు: కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం. మెంథాల్ రాసుకుంటే చల్లగా ఉంటుంది గదా, నిజానికి చర్మం అంత చల్లబడదు. చలి తగిలితే మేల్కొనే ఒక ప్రోటీన్ మన నరాల చివర్లలో ఉంటుంది, దాని పేరు టీఆర్‌పీఎం8. మెంథాల్ పోయి ఆ తలుపు తడుతుంది. చలి వచ్చిందని మెదడుకు కబురు పోతుంది, నొప్పి కబురు కాస్త వెనక పడుతుంది. మన భాషలో చెప్పాలంటే సెన్సార్‌కు తప్పుడు ఇన్‌పుట్ ఇవ్వడం. ఈ రహస్యం బయటపడింది 2002లో. దాని మీద పనిచేసిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ వచ్చింది, వేడి, చలి, స్పర్శ మనకు ఎట్లా తెలుస్తాయో కనిపెట్టినందుకు. బొంబాయిలో ఆ లేపనం కలిపిన మనిషికి ఇదంతా తెలిసే వీలే లేదు. రాస్తే హాయిగా ఉందా లేదా అన్నదే ఆయన లెక్క.

మందు తయారైంది సరే, కొనేవాడెవడు? కొత్త పేరు, ఎవరూ వినని కంపెనీ. పంతులుగారు సంగీత కచేరీలు జరిగేచోట అమృతాంజనం ఉచితంగా పంచారని చెబుతారు. గంటలకొద్దీ జనం మధ్య కూర్చున్నవాళ్ళకు తల దిమ్మెక్కడం మామూలే. నుదుటికి ఇంత రాసుకుంటే ఆ ఘాటు నాలుగు వరసలకు పోతుంది. పక్కవాడు అదేంటని అడుగుతాడు. మా తాత చెప్పింది కథ కాదన్నమాట. ఆ సీసా దేశమంతా పాకింది, ఆయన్ని లక్షాధికారిని చేసింది. ఇక్కడితో ఆగిపోయుంటే ఈయన ఒక మంచి బిజినెస్ కేస్ స్టడీ అయ్యేవారు, అంతే. మన ఈ-సెల్ వాళ్ళు ఒక స్లైడు వేసి వదిలేసేవాళ్ళు.

1907లో సూరత్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. మితవాదులు, అతివాదులు కొట్టుకుని, చెప్పు విసురుకునేదాకా పోయి రెండుగా చీలిన సభ అదే. పంతులుగారు ఆ సభకు వెళ్ళారు. దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువాడికి తెలుగులో చెప్పేవాళ్ళు లేరన్న బాధతో తిరిగొచ్చారు. 1908 సెప్టెంబరులో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. ఎక్కడ? బొంబాయిలో! బెజవాడ కాదు, మద్రాసు కాదు. మరాఠీ, గుజరాతీ మాట్లాడే ఊళ్ళో తెలుగు అక్షరాలు పేర్చి, అచ్చువేసి, వందల మైళ్ళ అవతల ఉన్న తెలుగువాళ్ళకు టపాలో పంపడం. ఏ లెక్కన చూసినా ఇది నష్టం వ్యాపారమే. మన క్లబ్ ఈ-మ్యాగజైన్‌కు నలుగురి చేత వ్యాసాలు రాయించేసరికే తల ప్రాణం తోకకొస్తోంది. కాగితం, సీసపు అచ్చులు, తపాలా ఖర్చు పెట్టుకుని వారం వారం ఆయన ఎట్లా తెచ్చారో ఆలోచించండి. జవాబు ఒకటే. సీసా సంపాదించేది, పత్రిక ఖర్చుపెట్టేది.

1914లో మకాం మద్రాసుకు మార్చారు. ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రిక అయింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఏ రోజుకు ఆ రోజు యుద్ధం సంగతులు తెలుగులో చదువుకునే వీలు ఊళ్ళలో జనానికి దొరికింది. ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినే అలవాటు మా తాత చిన్నతనం వరకూ మిగిలే ఉండిందంట.

1924 జనవరిలో భారతి వచ్చింది. అటక మీద నాకు దొరికిన అట్టల్లేని పుస్తకాలు ఆ పత్రికవే, చాలా తరవాతి కాలానివి. తెరిచి చూస్తే ఒకే సంచికలో శాసనాల మీద వ్యాసం, పక్కనే కొత్త కవిత్వం, దాని పక్కనే వ్యాకరణం మీద తగాదా. ఎవరికి ఏది నచ్చుతుందో అని పొడవూ వెడల్పూ కొలిచి చేసిన పత్రిక కాదది. భారతిలో రచన పడిందంటే రచయిత కింద లెక్కే అని రెండు మూడు తరాల వాళ్ళు అనుకున్నారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి పాత తెలుగు కావ్యాలు, చరిత్రలు పుస్తకాలుగా తెచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు ఒంటిచేత్తో మొదలుపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో సగంలో నిలిచిపోతే, ఆ బరువు కూడా పంతులుగారే ఎత్తుకున్నారు. గ్రంథాలయాలకు ఇచ్చారు, అడిగిన సంస్థలకల్లా ఇచ్చారు. విశ్వదాత, దేశోద్ధారక అని జనం పిలిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. బిరుదుల జాబితా ఇంకా ఉంది గానీ, అది మనకు పరీక్షలో రాదు, వదిలేద్దాం.

ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కు ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, అక్కడ కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. రాజకీయాల్లో ఆయన కంటే పెద్దగా గొంతెత్తినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, అన్నం పెట్టి మాట్లాడించే మనిషి అనిపిస్తుంది ఆయన గురించి చదువుతుంటే. నేనిలా అనడానికి కారణం, ఆయన జీవితంలో మా సీమవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ సంబంధం ఉన్న సంగతి జరిగింది ఆయన ఇంట్లోనే.

మద్రాసు మైలాపూరులో ఆయన బంగళా పేరు శ్రీబాగ్. పోటీ పరీక్షలకు చదివినవాళ్ళకు ఈ పేరు కంఠతా వచ్చే ఉంటుంది: శ్రీబాగ్ ఒడంబడిక, 1937 నవంబరు 16. నేను కూడా అట్లాగే బట్టీ పట్టాను. అది ఒక మనిషి ఇంటి పేరని, ఆ మనిషి మా అంగడిలోని పసుపు సీసా ఓనరని మొన్నటిదాకా నాకు తెలీదు.

జరిగిందేమిటంటే, మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు విడిపోవాలని కోస్తావాళ్ళు గట్టిగా అడుగుతున్నారు. మా సీమ నాయకులకు భయం. దత్తమండలం అనే పేరు పోయి రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభలో వచ్చిందే గానీ, పేరు మారితే కరువు మారుతుందా? విశ్వవిద్యాలయం వాల్తేరుకు పోయింది. నీళ్ళు డెల్టాకు పోతున్నాయి. రేపు రాష్ట్రం వస్తే రాజధాని కూడా వాళ్ళకే పోతుంది, మద్రాసు కింద ఉండడమే నయం అనే మాట సీమలో గట్టిగానే వినపడింది. ఈ రెండు పక్కలవాళ్ళనూ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడించిన ఇల్లు శ్రీబాగ్. చివరికి కాగితం మీద పెట్టిన షరతులు ఇవి: విశ్వవిద్యాలయ కేంద్రం వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ ఉండాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ విషయంలో పదేళ్ళో, అవసరమైతే ఇంకొన్నేళ్ళో సీమకు, నెల్లూరుకు ముందు దారి ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదు, ఒకటి కోస్తాలో ఉంటే రెండోది సీమలో. ఏది కావాలో ముందుగా కోరుకునే హక్కు సీమవాళ్ళది.

సంతకాలయ్యాక అయిదు నెలలు కూడా గడవలేదు, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పోయారు. ఆంధ్ర రాష్ట్రం ఆయన చూడలేదు. అది 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా వచ్చింది. హైకోర్టు గుంటూరుకు పోయింది. శ్రీబాగ్ మాట అంతవరకు నిలబడింది. మూడేళ్ళకే, 1956లో, రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. నీళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు, మీలో సగంమంది వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళే. అనంతపురం అనుకున్న విశ్వవిద్యాలయం సంగతి మాత్రం వేరేలా తిరిగింది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మా తిరుపతికే వచ్చింది. మా అక్క ఎమ్మెస్సీ చేసింది అక్కడే. మైలాపూరులో ఒక ఇంట్లో అయిన మాటలు తిరుగుతూ తిరుగుతూ మా ఇంటిదాకా వచ్చాయంటే, నాకు కాస్త వింతగానే ఉంది.

నాకు ఆయన మీద ఒక కంప్లయింట్ కూడా ఉంది, రాయకపోతే మోసమవుతుంది. ఆ మాట నిలబెట్టే బాధ్యత ఎవరిమీదా పెట్టకుండా, పెద్దమనుషుల మాట మీద వదిలేసిన కాగితం అది. మాటకు విలువ ఇచ్చే మనుషులు ఎప్పటికీ ఉంటారని వాళ్ళందరూ అనుకున్నట్టున్నారు. అంగడి నడిపే మా తాత కూడా అప్పు పద్దు రాసుకోడు. నాయనకూ తాతకూ గొడవ వచ్చేది సరిగ్గా అక్కడే.

పంతులుగారి తరవాత ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికలనూ వ్యాపారాన్నీ నడిపారు. ఆంధ్రపత్రిక 1991 దాకా నడిచి ఆగిపోయింది, భారతి కూడా ఆగిపోయింది. మైలాపూరు లజ్‌లో ఆయన పేరు మీద ఒక పార్కు ఉంది. చెన్నైలో ఇంటర్న్‌షిప్ చేసిన మా సీనియర్ ఒకాయన రోజూ ఆ పార్కులో కూర్చుని టీ తాగేవాడంట, పేరెవరిదో తెలియకుండానే. సీసా మాత్రం ఇంకా అమ్ముడవుతోంది. ఆ సీసా పెట్టిన తిండి తిని పెరిగిన పత్రికలు పోయి, సీసా మిగలడం ఏమిటో! ఆయన అడిగుంటే, అటూ ఇటూ అయ్యుండాలని కోరుకునేవారేమో అనిపిస్తుంది నాకు.

ఇదంతా చదివాక అంగడి సంగతి నాయనతో మాట్లాడాను. నేనేమీ ఉద్యోగం వద్దని అంగట్లో కూర్చోవడం లేదు, అంత ధైర్యం లేదు. పైగా తాత ఆపరేషన్‌కు డబ్బు కావాలి, అది కూడా నిజమే. అయితే మొదటి సంవత్సరంలో కాలేజీ ఫారంలో తాత పని ఏమిటని రాయాల్సి వస్తే బిజినెస్ అని రాసి, ఏం బిజినెస్ అని అడిగిన ఫ్రెండుకు మాట మార్చి చెప్పాను. అది గుర్తొచ్చి సిగ్గుగా ఉంది. నాయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, ఆపరేషన్ అయి తాత లేచి నడిచేదాకా అద్దె కడతాను, ఆ తరవాత చూద్దాం అన్నాడు. నెలకు ఎంత అమ్ముడవుతుందో లెక్క రాసి చూపించమన్నాడు. నాకు తెలిసిన స్ప్రెడ్‌షీట్ విద్య మొదటిసారి ఇంట్లో పనికొచ్చేది దీనికే.

ఆదివారం అంగడి తీసి ఒక్కణ్ణే కూర్చున్నాను. మధ్యాహ్నం అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె మెట్లు దిగి వచ్చి, గడప మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటా ఉంది. మూత తీసిన సీసా ఎక్కడుందా అని వెతికాను. ఖాళీ అయిపోయింది. కొత్తది ఒకటి తీసి, సీలు విప్పి, ఆమె చేతిలో పెట్టాను. ఎంత అని అడిగింది.

లెక్కలో ఆ సీసాను ఏ కాలమ్‌లో రాయాలో నాకింకా తేలలేదు.